పిల్ల గొంతు

వెంకట్‌కి అన్నం పెట్టేవి చెవులే. గచ్చిబౌలిలో ఉద్యోగం. ఆన్‌లైన్ మీటింగు నడుస్తుంటే వెనక కుక్కర్ కూసినా, కుక్క మొరిగినా అవతలివాళ్లకి వినపడకుండా మాట ఒక్కటే వడగట్టే ప్రోగ్రాములు రాస్తాడు. ఆ పనిలో మొనగాడే, కాదనను. ఆ మొనగాడితనం ఆఫీసులోనే వదిలేసి ఇంటికొచ్చి ఉంటే ఈ కథే లేదు.

గోపన్‌పల్లిలో మూడో అంతస్తులో ఫ్లాటు. భార్య ఆమని ఇంకో కంపెనీలో చేస్తుంది. ఐదేళ్ల కూతురు రసజ్ఞ. ఆ పిల్లకి అడుగేస్తే కుయ్ కుయ్‌మని మోగే చెప్పులుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. బాల్కనీ కింద కాంపౌండు గోడ, గోడవతల ఎవరిదో ఖాళీ ప్లాటు. పిచ్చి తుమ్మ, కూలగొట్టిన ఇళ్ల మట్టి, ఇనుప ముక్కలు. అందులోకి ఎవరూ అడుగుపెట్టరు.

టీములో జాన్సన్ అని ఒకడు, చందానగర్లో ఉంటాడు. సొంతూరు శంకర్‌పల్లి దాటాక. చిన్నప్పుడు తాతతో కలిసి కౌజు పిట్టలకి ఉచ్చులు పెట్టేవాడట. ఆ మాంసం రుచి గురించి క్యాంటీన్లో చెప్పి చెప్పి వెంకట్‌కి నోరూరించాడు.

"దొరికితే కేసు కదా?" అన్నాడు వెంకట్.

"ఎవడు చూస్తడు భయ్? పొద్దుగూకంగ గంట పని. కానీ పంజరంల పెట్టి కూయించే పిట్ట కావాలె. అది లేకుంటే అడివిల పిట్ట రాదు. గదే పరేషాన్."

"పిట్టెందుకు? స్పీకర్ ఉందిగా."

కొంప ముంచింది ఆ మాటే. రెండు రాత్రులు కూర్చుని వెతికి, తల్లిని పోగొట్టుకున్న కౌజు పిల్ల ఏడుపు రికార్డింగు ఒకటి పట్టాడు. గాలి చప్పుడు తీసేశాడు, పురుగుల రొద తీసేశాడు. ఒక్క ఏడుపు మిగిలింది. దాని చివర గొంతు చిన్నగా పట్టేసినట్టు ఒక వెక్కు. నాలుగు సెకన్లకోసారి అదే మోగేలా పెట్టాడు. మగపిట్ట కూతకి పోట్లాటకొచ్చే పిట్ట వస్తుందో రాదో గానీ, పిల్ల ఏడిస్తే తల్లి రాకుండా ఉండదని అతని లెక్క. లెక్క తప్పలేదు.

శనివారం సాయంత్రం టీం ఔటింగని ఆమనికి చెప్పి బయల్దేరాడు. ఊరవతల తుప్పల్లో జాన్సన్ గాలపు దారంతో వరసగా ఉచ్చులు కట్టాడు. స్పీకర్ పొదలో పెట్టారు. వానలింకా మొదలవని జూన్. ఎండిన గడ్డి వాసన, మేకల పెంటికల వాసన. మేకలు తోలుకుపోతున్న ముసలామె ఆగింది. బుచ్చమ్మట. జాన్సన్ తాతకి తెలిసిన మనిషి.

"ఏంరా జాన్సనూ, పిట్ట కూస్తున్నది, పంజరమేది?"

జాన్సన్ నవ్వి స్పీకర్ చూపించాడు. ఆమె కాసేపు విన్నది. మొహం మారిపోయింది.

"ఇది పిల్ల గొంతు."

"అవునవ్వా. ఇదైతే తొందరగా వస్తాయి," అన్నాడు వెంకట్, సంబరంగా.

"మా ఆయన నలభై ఏండ్లు కౌజులు పట్టిండు బిడ్డా. మగపిట్టను పెట్టి పిలిచిండు. కయ్యానికొచ్చినదాన్ని పట్టిండు. గుడ్ల కాలంల ఉచ్చు ముట్టలే. పిల్ల గొంతుతోని ఎన్నడు పిలవలే. బంద్ చెయ్."

వెంకట్‌కి ఒళ్లు మండింది. "చికెన్ కొట్లో రోజూ ఎన్ని కోళ్లు పోవడం లేదూ? అక్కడ అడగరేం?"

"కోడిని కోస్కో, నేనొద్దంటనా? నేనూ కోస్త. దాని పిల్లను ఏడిపిచ్చి పిలిచి కోస్తవా? కయ్యానికొచ్చేది భయమైతే ఎనక్కి పోతది. పిల్ల ఏడిస్తే వచ్చేది ఎట్ల పోతది? చెప్పు."

వెంకట్ వాల్యూం పెంచాడు. ఆమె మేకల్ని అదిలించుకుని గబగబా వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు.

ఐదు నిమిషాలు కాలేదు. తల్లి కౌజు రెక్కలు నేలకీడ్చుకుంటూ, దాక్కోవడమన్నది మర్చిపోయి, తిన్నగా పరుగెత్తుకొచ్చింది. ఉచ్చు మెడకి పడింది. గింజుకుంది, దారం ఇంకా బిగిసింది, మెత్తటి మెడ చుట్టూ నెత్తురు గీత తేలింది. చావబోతూ అదొక రకంగా పిలిచింది. ఆ పిలుపుకి పొదలోంచి బొటనవేలంత పిల్లలు ఆరు బయటికొచ్చాయి.

"ఇవేం తిననీకొస్తయ్," అని జాన్సన్ బూటుతో తొక్కేశాడు. ఆరింటినీ. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. తల్లి మెడ తిప్పింది వెంకటే. చేతిలో వెచ్చగా ఉంది. మెడ వెనక్కి తిరిగాక కూడా కన్ను అతన్నే చూసింది. వేడి చల్లారకముందే ఈకలు పీకారు.

ఇంకో పని కూడా చేశాడు మహానుభావుడు. తల్లి పిలిచిన పిలుపు ఫోనులో రికార్డు చేసుకున్నాడు.

"పిల్లలు దీనికి వస్తాయన్నమాట," అన్నాడు.

జాన్సన్ తొమ్మిదో రోజు పోయాడు. సాయంత్రం ఆరున్నరకి, ఇంటి పక్కన కడుతున్న బిల్డింగులోంచి తన కూతురు షారోన్ ఏడుస్తోందని కాఫీ కప్పు వదిలేసి పరుగెత్తాడట. షారోన్ అప్పుడు ట్యూషన్లో ఉంది. ఇనుప చువ్వల మధ్య దొరికాడు. మెడకి సన్నటి తీగ. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. మర్నాడు మార్చురీలో వెంకట్ చూశాడు. శవం బోర్లా పడుకుని ఉంది, మొహం మాత్రం కప్పు వైపు ఉంది. తల సగం బోడి. జుట్టు కత్తిరించలేదు, పీకేశారు. కుదుళ్లలో నెత్తురు చుక్కలు. అలాంటి చర్మాన్ని వెంకట్ ఇదివరకే ఒకసారి చూశాడు, పిట్ట ఈకలు పీకినప్పుడు.

ఆ సాయంత్రమే మొదలైంది.

"నాన్నా..."

ఖాళీ ప్లాటులోంచి. రసజ్ఞ గొంతు. లేచి సగం దూరం పరుగెత్తాడు. తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. రసజ్ఞ సోఫాలో కూర్చుని పెరుగన్నం తింటోంది.

"నాన్నా..." నాలుగు సెకన్లు. "నాన్నా..." చివర చిన్న వెక్కు. ప్రతిసారీ అదే వెక్కు.

చెవులు అన్నం పెట్టేవాడికి ఆ మాత్రం తెలియదా? తెలిసింది. కాళ్లు మాత్రం తలుపు వైపే లాగుతున్నాయి. ఎదురుగా కూతురు కనిపిస్తోంది, అది కూతురు కాదని తెలుసు, అయినా పేగు కదులుతోంది. ఆఫీసు హెడ్‌ఫోన్స్ తెచ్చి చెవులకి బిగించుకున్నాడు. నిశ్శబ్దం.

మర్నాటి నుంచి ఇంటి దగ్గర్నుంచే పని. పొద్దుగూకేసరికి తలుపు గడియ, చెవులకి హెడ్‌ఫోన్స్, ఒళ్లో పిల్ల. ఆ పిల్లకి అదేమీ వినపడుతున్నట్టు లేదు. రేపు తన గొంతుతో పిల్లనే పిలిస్తే? పిల్లని కూర్చోబెట్టి వల్లె వేయించాడు.

"కింద నుంచి నాన్న గొంతు పిలిచినా వెళ్లకూడదు. నాన్న కనిపిస్తేనే నాన్న. కనిపించకపోతే?"

"నాన్న కాదు," అంది రసజ్ఞ.

"బంగారు తల్లి."

ఆమనికి మాత్రం చెప్పలేదు. ఏమని చెప్తాడు? చెప్పాలంటే ఔటింగ్ అబద్ధమని చెప్పాలి, పిట్ట సంగతి చెప్పాలి, బూటు కింద పిల్లల సంగతి చెప్పాలి. ఏ రోజుకారోజు రేపు చెబుదామనుకున్నాడు. మగాడి సిగ్గు అంత చెడ్డది.

ఏడో రోజు. ఏడు కావస్తోంది. హెడ్‌ఫోన్స్‌తో బాల్కనీ అద్దం వెనక నిలబడ్డాడు. కింద క్యాబు ఆగింది. ఆమని దిగింది. గేటు వైపు రెండడుగులు వేసింది.

ఆగింది.

తల ప్లాటు వైపు తిప్పింది.

హెడ్‌ఫోన్స్ లాగి పారేశాడు. కింద నుంచి... "అమ్మా..." నాలుగు సెకన్లు. "అమ్మా..."

తల్లే వస్తుంది. ఆ లెక్క వేసింది తనే.

"ఆమనీ! అది పాప కాదు! పాప ఇక్కడుంది!"

ట్రాఫిక్ హోరులో ఆ అరుపు ఆమెకి అందలేదు. బ్యాగు అక్కడే వదిలేసి, రోడ్డు వైపు ప్లాటు గోడ విరిగిన చోటు నుంచి ఆమె పొదల్లోకి పరుగెత్తింది. వెంకట్ మెట్ల మీద పడి లేచి పరుగెత్తాడు. తలుపు తెరిచే వదిలేశాడు.

ప్లాటులో చీకటి. ఎండిన గడ్డి వాసన. అక్కడ ఎప్పుడూ లేని వాసన. మట్టిగుట్ట వెనక ఆమని మోకాళ్ల మీద ఉంది. మెడకి గాలపు దారం. దారం రెండో కొస పొదల్లోకి పోయి ఉంది. అవతల్నుంచి ఎవరో లాగుతున్నారు. ఒక్కో గుంజుకీ దారం చర్మంలోకి ఇంకాస్త దిగుతోంది, నెత్తురు చీర మీదికి కారుతోంది. వెంకట్ రెండు చేతుల వేళ్లూ దారం కింద దూర్చి వెనక్కి లాగాడు. వేళ్లు తెగాయి. ఎముకకి తగిలింది. వదిలితే ఆమె పోతుంది. వదల్లేదు.

"ఊపిరి తీసుకో... ఆమనీ, ఊపిరి..."

ఆమె పెదాలు కదిలాయి. గొంతు రాలేదు.

గొంతు పొదల్లోంచి వచ్చింది.

"రసజ్ఞా... ఇటు రా తల్లీ..."

ఆమని గొంతే. ఆమని కళ్లు పెద్దవయ్యాయి. విన్నది. అర్థమైంది.

"రసజ్ఞా... ఇటు రా తల్లీ..."

మెట్ల వైపు నుంచి చప్పుడు. కుయ్... కుయ్... గేటు దాటింది. కుయ్... కుయ్... గోడ విరిగిన చోటు దాకా వచ్చింది.

"రసజ్ఞా! రాకు! ఇంట్లోకి పో! నాన్ననే!" గుట్ట వెనక నుంచి గొంతు చించుకుని అరిచాడు. "నాన్ననే తల్లీ!"

చప్పుడు ఆగింది.

చీకట్లో పిల్ల పాఠం అప్పజెప్పినట్టు అంది:

"కనిపించట్లేదుగా. నువ్వు నాన్న కాదు."

"రసజ్ఞా... ఇటు రా తల్లీ..."

"వస్తున్నా అమ్మా!"

కుయ్... కుయ్... కుయ్... గుట్ట పక్క నుంచి, వాళ్లకి పది అడుగుల దూరంలో, పొదల వైపు వెళ్లిపోయింది. గడ్డి కదిలింది. చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు వెంకట్ వేళ్ల మధ్య దారం ఒక్కసారిగా వదులైంది. అవతల లాగుతున్నదెవరో, ఇక అక్కర్లేనట్టు వదిలేశారు.