నానమ్మ పలకని పేరు

పొద్దున్నే అరటికాయల ముందు కూర్చుని, "మామా, ఆ కత్తి ఇలా ఇయ్యి" అంది మావిస్. కత్తి అందించింది మనవరాలు ఎరేపా. ఆడపిల్లని మామా అని పిలవడం రేవుపట్నం పోర్ట్ మోర్స్‌బీలో ఆ వీధివాళ్లందరికీ నవ్వులాట. ముసలావిడ మురిపెం అనుకుని ఊరుకున్నారు.

ఎరేపా మాత్రం మూతి ముడుచుకునుంది. జపాన్‌తో యుద్ధంలో కొకోడా కొండదారిన ఆస్ట్రేలియా సైన్యానికి మోతగాళ్లుగా పనిచేసిన తాతల పేర్లు రేపు పిల్లలు బడిలో లేచి చెప్పాలి. ఎరేపా ముత్తాత, అంటే మావిస్ మామగారు, వాళ్లలో ఒకడు. ఆ పేరు అడిగితే మావిస్ పెదవి విప్పదు. మామగారి పేరు కోడలి నోట రాకూడదు, అది వాళ్ల కట్టు. చెప్పగల కొడుకు, ఎరేపా తండ్రి, ఏమో చేపల ఓడ మీద నడిసముద్రంలో ఉన్నాడు.

మిగతావన్నీ చెప్పింది. దుప్పటికి రెండు కర్రలు కట్టి గాయపడ్డవాళ్లను ఎలా మోసేవారో, మొహం మీద వాన పడకుండా అరటాకు ఎలా పట్టేవారో చూపించింది. ఎరేపాకి ఒక ప్రశ్న తీరితే ఇంకోటి పుట్టేది. బురదలో కాలు జారితే? ఆ సైనికుడు మంచినీళ్లు ఏ భాషలో అడిగేవాడు?

"మా తరగతి ఐడా ఏమందో తెలుసా? పేరు దాస్తున్నారంటే జపాన్ వాళ్లకి మోసుంటాడంది."

"మోశాడు" అంది మావిస్. "ముందు వాళ్లు పట్టుకెళ్లి బియ్యం మోయించారు. పారిపోయొస్తే ఆస్ట్రేలియా వాళ్లు పట్టుకెళ్లి మనుషుల్ని మోయించారు. నువ్వెవరి వైపని ఆయన్ని ఎవరూ అడగలేదు."

"ఇదంతా చెప్తాను. కానీ ఎవరాయన అంటే ఏం చెప్పను?" ఎరేపా కళ్లు నిండాయి.

తల్లి రోడాకి ఒళ్లు మండింది. ఆమె తీరప్రాంతపు పిల్ల, అక్కడ ఈ కట్టు లేదు. "ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా అత్తయ్యా? ఆయన పేరు పలకరు. పుట్టినప్పట్నుంచీ దీని పేరూ పలకరు, మామా మామా అంటూ..."

అంటూనే కూతురి వైపు తిరిగి చూసింది. పిల్లకి ఆ పేరు పెట్టింది మొగుడు. మావాళ్లదే అన్నాడు, ఎవరిదని తను అడగలేదు. మావిస్ తల వంచుకుని చెక్కు తీస్తోంది.

ఎరేపా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నానమ్మ పక్కన కూర్చుంది.

"నానమ్మా, నేను పుట్టకముందు మామా అని ఎవర్ని పిలిచేదానివి?"

మావిస్ మనవరాలి భుజం తడిమి, "కర్ర ఒరుసుకుని ఆయనకి ఇక్కడ చర్మం కాయ కాసింది. చచ్చేదాకా పోలేదు" అంటూ ఏడ్చేసింది. రోడా సిగ్గుపడి వచ్చి అత్త పక్కన కూర్చుంది. "ఇలా ఇవ్వండత్తయ్యా, నేను చెక్కుతాను."

మర్నాడు బడిలో మాస్టారు పేరడిగారు.

"ఎరేపా."

"నీది కాదమ్మా, మీ ముత్తాతది."

"ఆయనదే సార్. ఇప్పుడు నా దగ్గరుంది."

రోడా చెయ్యి పట్టుకుని వెనక నిలబడ్డ మావిస్, ఆ పేరుని కళ్లు మూసుకుని వింది.