నలభై మంది రక్తం, ఐదు ఆదివారాలు

శాంతయ్యను చంపింది మీరే. మందు అమ్మిన ఓంకార్, ఆ మందు మంచిదని సంతకం పెట్టిన డాక్టర్ వెంకటరత్నం. మీ ఇద్దరే. చంపింది చాలక, తనే తాగి చచ్చాడని ఊరంతా చాటారు. సిగ్గుండాలి.

డిసెంబర్ 3, బుధవారం. జగ్గయ్యపేట దాటాక గరికపాడు దారిలో మిర్చి చేను. ఉదయం 11.20కి వీపున స్ప్రేయర్ ట్యాంకుతోనే శాంతయ్య బోర్లా పడ్డాడు. నోట నురగ. కంటిపాపలు ఆవగింజంత. మధ్యాహ్నం 1.05కి ప్రాణం పోయింది.

పురుగుమందుల షాపు ఓంకార్ ఆ సాయంత్రమే స్టేట్‌మెంట్ ఇచ్చేశాడు. "ఇంట్లో గొడవలండి. తాగేసుంటాడు."

గొడవలని ఈయనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కూలీ చస్తే ఇలాంటి పెద్దమనుషుల నోటికి వచ్చే మాట అదొక్కటే.

ఎస్సై సుస్మిత పోస్ట్‌మార్టం రిపోర్టు చదివింది. కడుపులో మందు జాడ లేదు. వీపు మీద ట్యాంకు ఆనిన మేర చర్మం కమిలిపోయి ఉంది. ట్యాంకు లీకు.

అయినా కేసు కదల్లేదు. అడ్డంగా డాక్టర్ గారి స్టడీ ఉంది.

వెంకటరత్నం టాక్సికాలజీలో, ఫార్మకాలజీలో ముప్ఫై రెండేళ్ల పరిశోధకుడు. నందిగామలో సొంత ల్యాబ్. గోడ నిండా శాలువాలు కప్పించుకున్న ఫొటోలు. నీలం డబ్బాలో వచ్చే ఆ మందు మీద ఆయన స్టడీ ఇదీ: నలభై మంది కూలీలకు వారం వారం, ఐదు వారాలు చేలోనే రక్తపరీక్ష. విషం ఎక్కితే రక్తంలో ఒక ఎంజైమ్ పడిపోవాలి. ఒక్కరికీ పడలేదట.

"కడుపులో లేదంటే కక్కేసి ఉంటాడమ్మా," అన్నాడు కుర్చీ అటూ ఇటూ తిప్పుతూ. "చర్మం గుండా ఇది ఎక్కదు. డేటా ఉంది. ఇంతకీ నువ్వేం చదివావ్?"

"బీకామ్ సార్."

"అదీ సంగతి."

సుస్మిత ఆ డేటా జిరాక్స్ తీయించుకుని శాంతయ్య భార్య ఆరోగ్యమ్మ దగ్గరికి వెళ్లింది. జాబితాలో పదిహేడో పేరు శాంతయ్యదే.

"మీ ఆయన రక్తం ఇచ్చాడా అమ్మా?"

"ఒక్కసారండి. ఆగస్టులో. అప్పటికింకా మిర్చి నారు మడిలోనే ఉంది. మళ్లీ ఎవరూ రాలా."

"నవంబర్ 30, పదిన్నరకి చేలో తీశామని రాశారే?"

"ఆ రోజు మా చర్చిలో కోతల పండగండి! అయినా ఆదివారం మా కాలనీలో మందు కొట్టేదెవరు మేడమ్? ఆసామి కాళ్లావేళ్లా పడ్డా ఎవరూ ఎళ్లరు." ఫోన్ తీసి చూపించింది. "ఇదిగో, చర్చికి కానుకగా వచ్చిన గుమ్మడికాయ వేలంపాటలో గొంతు చించుకునేది మా ఆయనే."

వీడియో టైమ్ 10.34.

ఆరోగ్యమ్మ ఫోన్ ఆపలేదు. ఆ గొంతు వినిపించినంతసేపూ వింది.

"మా పిల్లని స్కూల్లో 'మీ నాన్న మందు తాగాడంటగా' అని అడుగుతున్నారు మేడమ్. నాకింకేం వద్దు. ఆ మాట తీసెయ్యండి."

డిసెంబర్ 19, శుక్రవారం, సాయంత్రం 4 గంటలు. వెంకటరత్నం ల్యాబ్. ఓంకార్‌నీ ఆరోగ్యమ్మనీ సుస్మిత అక్కడికే పిలిపించింది.

"రక్తం తీసింది చేలోనేనా సార్?"

"చేలోనే."

"మందు కొట్టాక ఎంతసేపటికి?"

"గంటలోపు. ప్రోటోకాల్ అది."

"తీసిందెవరు?"

"నేనే దగ్గరుండి తీయించా. ఎన్నిసార్లు చెప్పాలి?"

సుస్మిత గోడ మీద క్యాలెండర్ అందుకుంది. ఓంకార్ షాపు పంచినదే. నవంబర్ పేజీ తిప్పింది.

"2, 9, 16, 23, 30. అన్నీ ఎర్ర అంకెలే. ఏడు రోజులకోసారని లెక్క బాగానే వేశారు సార్. మొదలుపెట్టింది ఆదివారంతో. నలభై మందీ ఆ కాలనీ వాళ్లే, ఐదు ఆదివారాలూ ఆ పూట చర్చిలో ఉన్నారు. బతికున్న ముప్ఫై తొమ్మిది మందినీ అడిగి రాసుకున్నా. మీ డేటాలోనే ఉంది, మందు కొట్టకముందు ఆగస్టులో తీసిన రక్తం అంకెల్నే కాస్త అటూ ఇటూ మార్చి ఐదుసార్లు దించారు. ముప్ఫై రెండేళ్లు వీళ్ల రక్తం మీద పేపర్లు రాశారు. వీళ్లు ఆదివారం ఎక్కడుంటారో మీకు తెలీదు."

"క్లరికల్ మిస్టేక్ అయ్యుంటుందండీ," ఓంకార్ గొణిగాడు.

"రెండు వందల పరీక్షలు ఓంకార్ గారూ. అన్నీ క్లరికలేనా? గ్లౌజులక్కర్లేదు, ఏమీ కాదని రైతులకి చెప్పింది మీరే కదా?"

"వారం వారం వచ్చే రిపోర్టు మీద డాక్టర్ గారి సంతకం చూసి చెప్పానండి! నాకేం తెలుసు?"

"నోర్ముయ్యరా!" వెంకటరత్నం లేచాడు. శాస్త్రవేత్త గారి భాష అప్పుడు బయటపడింది.

ఆరోగ్యమ్మ ముందుకొచ్చింది. "తాగి చచ్చాడన్న ముక్క కొట్టెయ్యండి మేడమ్. ఇప్పుడే. నా ముందే."

సుస్మిత అక్కడే కూర్చుని రాసింది. మందు ఒంటికి ఎక్కి చనిపోయాడు, తాగలేదు. నిందితులు ఇద్దరు. గట్టిగా చదివి వినిపించింది.

అధికారులారా, ఇది చాలదు. మిగతా ముప్ఫై తొమ్మిది మంది ఇవాళ కూడా అదే మందు కొడుతున్నారు. షాపుల్లోంచి నీలం డబ్బాలు ఇవాళే దించండి. వాళ్ల రక్తం ఈసారైనా నిజంగా తీయండి. ఆ స్టడీ కింద సంతకం పెట్టిన ప్రతివాడినీ చేలోకి నడిపించుకురండి. ఆ ముప్ఫై తొమ్మిది మంది ముందు నిలబెట్టి, ఒక్కొక్క పేరూ పైకి చదివించండి.