మధ్యాహ్నం తాగిన మంచినీళ్లు

రంజాన్ పదో రోజు, శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు బ్రిగేడియర్ షాకిర్ పట్టపగలు టీ తాగుతూ కనిపించేసరికి మేజర్ రుష్దీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తలుపు వెయ్యి. నీకూ ఒక గ్లాసు పోశాను, తాగు."

"ఉపవాసంలో ఉన్నాను, సార్."

"ఇవాళ మనవాళ్లెవరికీ లేదు. యుద్ధానికి దిగేవాళ్లు విడిచిపెట్టొచ్చని మతపెద్దలు చెప్పారు. ఇది ఆర్డర్."

కైరోలోని ఆ సైనిక గూఢచారి విభాగపు నేలమాళిగలో కూర్చున్న ప్రతివాడూ, కిందటి యుద్ధంలో ఓడిన దగ్గర్నుంచీ ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న రోజు ఇదే అన్నమాట. రుష్దీ టీ గడగడా తాగాడు. బ్రిగేడియర్ ఇచ్చిన సిగరెట్టు కూడా వెలిగించాడు. మధ్యాహ్నం రెండు గంటలకు సూయజ్ కాలువ దాటుతున్నామని, ముందు రబ్బరు పడవలు దిగుతాయని బ్రిగేడియర్ పొడిపొడిగా చెప్పాడు. ఆ మొదటి పడవల్లో రుష్దీ తమ్ముడు యూనిస్ ఉన్నాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు. అవతలి ఒడ్డున ఇసుక గోడ మీద ఇజ్రాయెల్ కాపలా పలచగా ఉంది. గంట ముందు కబురందితే చాలు, వాళ్ల ట్యాంకులు గోడెక్కి కూర్చుంటాయి. ఇక పడవల్లో ఉన్నవాళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే.

"ఒంటిగంటకు దెస్పీనా మామూలుగా కబురు పంపాలి. మానేస్తే వాళ్లకు అనుమానం వస్తుంది. రాసింది రాసినట్టు వెళ్లాలి. దగ్గరుండి చూసుకో."

మదామ్ దెస్పీనా కైరోలో పుట్టి పెరిగిన గ్రీకు మనిషి. డబ్బున్నవాళ్లుండే జమాలెక్ పేటలో ఆవిడ కుట్టిన గౌను లేకుండా పెద్దింటి పెళ్లి జరగదు. నలభై అయిదేళ్ల వయసులోనూ ఆవిడ వీధిలో నడుస్తుంటే కార్లు నెమ్మదిస్తాయి. నాలుగేళ్ల క్రితం ఇజ్రాయెల్ గూఢచారిగా పట్టుబడి, ఉరికి బదులు డబుల్ ఏజెంట్ ఉద్యోగం ఎంచుకుంది. అప్పటినుంచి ప్రతి శనివారం రుష్దీ ఇచ్చిన అబద్ధాలనే గౌను కొలతల అంకెల్లో పెట్టి పంపుతోంది. ట్రాన్స్‌మిటర్ ఉండేది కుట్టు మిషను పెట్టెలో.

రుష్దీ మామూలుగానే ఇస్త్రీవాడి వేషంలో వెళ్లాడు. భుజాన బట్టల మూట, అందులో ఒక చొక్కా కాలరు లోపల ఇవాళ్టి అబద్ధం: విన్యాసాలు అయిపోయాయి, రిజర్వు సైనికులు ఇళ్లకు పోతున్నారు, ఆఫీసర్లకు మక్కా యాత్రకు సెలవులిచ్చారు. లిఫ్టు పనిచేయడం లేదు. అయిదంతస్తులూ ఎక్కేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"మక్కా యాత్రా? పుణ్యం మూటగట్టుకుంటున్నారు మీవాళ్లు," అని కాగితం చదివి నవ్వింది దెస్పీనా. కూర్చోమంది. ఫ్యాను వేసింది. అంకెలు రాసుకోవడానికి బల్ల మీదికి వంగింది.

రుష్దీ మనసు కాలువ ఒడ్డున, యూనిస్ దగ్గర ఉంది. ఈత కూడా సరిగా రాని వెధవని పడవెక్కించారే అనుకున్నాడు. చెయ్యి తనంతట తానే కూజా అందుకుంది, గ్లాసు నింపింది, నోటికెత్తింది. గ్లాసు ఖాళీ అయింది. తాను నీళ్లు తాగానన్న ధ్యాస కూడా అతనికి లేదు.

దెస్పీనా పెన్సిలు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

కాసేపటికి ఆవిడ లేచి లోపలికి వెళ్లి రెండు కప్పుల కాఫీతో వచ్చింది. ఒకటి అతని ముందు పెట్టి మిషను దగ్గర కూర్చుంది. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకుండా ఆ ఊళ్లో ఎవరూ పని మొదలుపెట్టరు, రంజాన్ నెలలో తప్ప. క్రైస్తవురాలైనా ఈ నాలుగేళ్లలో ఆ నెల ఆవిడ అతనికి కాఫీ వాసన కూడా సోకనివ్వలేదు. సాయంత్రం తినమని కతాయెఫ్ మిఠాయి పొట్లం కట్టి పంపేది.

రుష్దీ కప్పు వంక చూశాడు. పక్కనే ఖాళీ గ్లాసు. అది ఖాళీ చేసింది తనేనని, ఆవిడ అది చూసిందని అప్పుడు తట్టింది.

"ఒంట్లో బాగాలేదా, రుష్దీ బే?" అంది ఆవిడ, అటు తిరిగే.

"అవును మదామ్. కడుపులో మంట. డాక్టరు వద్దన్నాడు, ఉపవాసం."

"పాపం," అంది. అయిదంతస్తులు ఎక్కివచ్చిన రోగిని ఇంకో ప్రశ్న అడగలేదు. అడగకపోవడమే అతన్ని భయపెట్టింది.

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. ఒక ఇయర్‌ఫోను ఆవిడ చెవిలో, ఒకటి అతని చెవిలో. పన్నెండు కొలతలూ అతనికి కంఠతా వచ్చు. ఏడో కొలత దాకా సరిగ్గా వెళ్లాయి. ఎనిమిదోది ముప్పై నాలుగు. వినిపించింది తొమ్మిది. వెంటనే ఇంకో తొమ్మిది.

ఆవిడ వేలు మళ్లీ మీట మీదికి దిగుతుండగా రుష్దీ మణికట్టు పట్టి వెనక్కి లాగాడు. కుర్చీతో సహా పడిపోయింది. ఎడంచేత్తో చొక్కా కింది పిస్తోలు తీసి గురిపెట్టి, కుడిచెయ్యి మీట మీద పెట్టాడు. ఆగిపోతే అనుమానం, తడబడితే అనుమానం. మూడు అంకెలకోసారి ఊపిరి తీసుకున్నట్టు ఆగడం ఆవిడ అలవాటు. నాలుగేళ్లు విన్నాడు కదా. కొలత తప్పింది, ఎనిమిదోది ముప్పై నాలుగు అని కొట్టాడు. మిగతావీ కొట్టాడు.

అవతల చప్పుడు లేదు. చెమట మీట మీద బొట్టుబొట్టుగా పడుతోంది. నిమిషం గడిచింది. రెండో నిమిషం సగంలో అందిందన్న సంకేతం వచ్చింది.

"మూడు తొమ్మిదులు పడితే అంతా అబద్ధమని అర్థం," అంది దెస్పీనా నేల మీదినుంచే. "ఇంకొక్కటి మిగిలిపోయింది."

"ఎందుకు మదామ్? ప్రాణం నిలబెట్టాం కదా మీకు."

"మీ తమ్ముడు సైన్యంలో ఉన్నాడని మీరే చెప్పారు ఒకసారి. నా కూతురు ఇజ్రాయెల్‌లో ఉంది, హైఫాలో. అది నేను చెప్పలేదు."

రెండు గంటల అయిదు నిమిషాలకు కిటికీ అద్దాలు గజగజలాడాయి. తలమీదుగా విమానాలు తూర్పుకి వెళ్తున్నాయి. కాఫీ ఎవరూ ముట్టలేదు.

మర్నాడు బ్రిగేడియర్ ఆవిడను ఎలా పట్టావని అడిగితే, కాఫీ ఇచ్చింది సార్ అన్నాడు రుష్దీ. రిపోర్టులోనూ అదే రాశాడు. బ్రిగేడియర్ అతని తెలివికి మురిసిపోయాడు.

సాయంత్రం ఇస్మాయిలియా ఆసుపత్రి నుంచి ఫోను.

"నేనే అన్నయ్యా. చెయ్యి విరిగింది, అంతే. దాటేశాం."

రుష్దీ కళ్లు తుడుచుకుని, పడవెక్కేముందు కడుపునిండా తిన్నావా అని మాత్రం అడగగలిగాడు.

"కమాండర్ తినమని బిస్కెట్లు పంచాడు. ఆర్డరంట. మేం జేబుల్లో వేసుకున్నాం. అన్ని గుండ్లు పడుతుంటే దేవుడితో పేచీ ఎందుకని పొద్దుగూకాకే తిన్నాం, అవతలి ఒడ్డున కూర్చుని. నువ్వు?"

ఏదో చెప్పి ఫోను పెట్టేశాడు. తర్వాత రిపోర్టు మళ్లీ బయటికి తీసి, ఆవిడ కాఫీ ఇచ్చిందన్న వాక్యానికి ముందు ఇంకో వాక్యం చేర్చాడు: "అంతకుముందు నేను ఫ్యాను కింద కూర్చుని మంచినీళ్లు తాగాను."