కుర్చీలో నిద్ర

కోడలు పాలు పొయ్యి మీద పెట్టి హాల్లోకి వచ్చేసరికి, అత్తగారు మళ్ళీ కుర్చీలోనే కూర్చుని కునుకు తీస్తున్నారు. వారంగా ఇదే వరస. కోడలు ఆవిడ కోసం ఏరికోరి కొన్న కొత్త పరుపు మాత్రం గదిలో నలగకుండా ఉంది.

"చూసినవాళ్ళు నేనే మిమ్మల్ని కుర్చీలో పడుకోబెడుతున్నాననుకోరూ, అత్తయ్యా?"

"ఎవరేమనుకుంటే నాకేం? నాకిక్కడే బాగుంది."

"నేను తెచ్చిందేదీ మీకు నచ్చదు. ఆ మాట మొహం మీదే చెప్పెయ్యండి!"

పెద్దావిడ లేచి నడిచారు. నాలుగడుగులకే గోడ పట్టుకుని ఆగిపోయారు. కోపంతో రొప్పుతున్నారేమో అనుకున్న కోడలు, ఆవిడ నుదుటి మీద చెమట చూసి హడలిపోయింది. రెండేళ్ళ కిందట గుండెపోటు వచ్చిన మనిషి. పొయ్యి ఆపి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"కాస్త పడుకోండమ్మా, చూస్తాను," అంది డాక్టరమ్మ.

పెద్దావిడ కదల్లేదు. "ముందు మా కోడల్ని బయటికి పంపండి."

"నేను వెళ్ళను!"

"అయితే విను. నీ పరుపు మంచిది కాదే తల్లీ. నడుం వాల్చగానే ఊపిరాడదు, లేచి కూర్చుంటే సర్దుకుంటుంది. ముచ్చటపడి కొన్నావు, చెబితే నొచ్చుకుంటావని..."

డాక్టరమ్మ ఆసక్తిగా ముందుకు వంగింది. "ఈ బల్ల మీద ఆ పరుపు లేదుగా. నా చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం వాలండి, చూద్దాం."

వాలీ వాలగానే పెద్దావిడ ఉక్కిరిబిక్కిరయ్యారు. డాక్టరమ్మ చప్పున లేపి కూర్చోబెట్టి, ఊపిరితిత్తులు విని, చీలమండ మీద వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"పాపం, పరుపు తప్పేం లేదు. గుండె అలసి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్నట్టుంది. పడుకుంటే ఆయాసం ఎక్కువయ్యేది అందుకే. ఇంకే కారణమైనా ఉందేమో పరీక్షల్లో తేల్చుకుందాం."

ఈసీజీ, ఎక్స్‌రే, రక్తపరీక్ష, గుండె స్కాన్ అన్నీ అయ్యాయి. అనుమానం నిజమే. ఒంట్లో చేరిన నీరు పోవడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి, తలవైపు ఎత్తి పెట్టిన మంచం మీద పెద్దావిడ ఆయాసపడకుండా మాట్లాడగలిగారు.

"అలక అనుకున్నాను అత్తయ్యా," కోడలు కళ్ళు తుడుచుకుంది. "ఎందుకలా కూర్చుంటున్నారని నేను ఒక్కసారైనా అడగలేదు."

"నేను మాత్రం చెప్పానా? బాగా సరిపోయాం ఇద్దరం."

కోడలు ఆవిడ చేతిని తన చెంపకు ఆనించుకుంది. "ఇంకేమైనా దాచారా?"

"నీ కాఫీ... బొత్తిగా నీళ్ళే అమ్మాయ్."

ఏడుస్తూనే కోడలు పక్కున నవ్వేసింది. స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుంది.

"చెప్పండి. ఇంకా చెప్పండి."