మెగ్నీషియం అల్లుడు

వీర్రాజుతో అనసూర్య అన్న మొదటి మాట, "లైన్ల నిలబడుండ్రి."

రెండో మాట ఇంకా ఘాటుగా వచ్చింది. ఎందుకంటే వీర్రాజు మందు కోసం రాలేదు. మందు కోసం వచ్చినవాళ్లను ఆ మందు నుంచి కాపాడటానికి వచ్చాడు.

అది గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల డిస్పెన్సరీ. సంవత్సరం పంతొమ్మిదివందల ఎనభై తొమ్మిది. కౌంటర్ వెనక ఉన్న అనసూర్య అక్కడి ఫార్మసిస్టు. వీర్రాజు రామగుండం పవర్‌హౌస్‌లో కెమిస్టు, ఊరు తణుకు. బాయిలర్ నీళ్లలో ఆమ్లం చేరితే గొట్టాలను తినేస్తుంది. ఆ నీళ్లను క్షారంగా ఉంచడం అతని డ్యూటీ. ఒక ప్రకృతి వైద్య పత్రికకు చందా కట్టాక, మనిషి కూడా బాయిలరేనని అతనికి తేలిపోయింది. సకల రోగాలకూ మూలం ఒంట్లోని ఆమ్లం. విరుగుడు మెగ్నీషియం. ఇంత చిన్న విషయం డాక్టర్లకు తట్టనందుకు అతనికి జాలేసింది.

"అవ్వా, ఆ తెల్లమందు తాగకండి," అన్నాడు ముందు నిలబడ్డ సారవ్వతో. "గుమ్మడి గింజలు నమలండి. బోలెడు మెగ్నీషియం."

సారవ్వ బోసినోరు తెరిచి చూపించింది. "దేంతోని నమలాలె బిడ్డా?"

"ఏంది సార్?" అనసూర్య కౌంటర్ మీద నుంచి వంగింది. "మా అవ్వను ఎందుకు ఆగం చేస్తున్నరు? గా సీసా మీద ఏమున్నదో చదువుండ్రి."

చదివాడు. మెగ్నీషియం హైడ్రాక్సైడ్. గొంతు సవరించుకున్నాడు. "ఇది ఫ్యాక్టరీలో చేసిందండీ. ప్రకృతి మెగ్నీషియం వేరు."

"మీ పవర్‌హౌస్ కరెంటుతోని తిరిగే ఫ్యాన్ కింద నిలబడి ప్రకృతి ముచ్చట్లా? జర పక్కకు జరుగుండ్రి. అవ్వకు గాలొస్తలేదు."

లైనంతా నవ్వింది. వీర్రాజు గుండెలో మంట మొదలైంది. అది ఆమ్లం కాదని తెలుసుకోవడానికి అతనికి వారం పట్టింది.

ఆ తర్వాత ప్రతి సెలవు రోజునా ఏదో ఒక వంకతో వచ్చాడు. శ్రావణంలో ఒక సాయంత్రం, బొగ్గుపొడి కలిసి రోడ్లన్నీ నల్లగా పారుతుంటే, గొడుగు లేక వరండాలో నిలబడిపోయిన ఆమె ముందుకు గొడుగుతో వెళ్లాడు. జేబులోంచి, క్షారం తగిలితే నీలంగా మారే ఎర్ర లిట్మస్ కాగితం కూడా తీశాడు.

"ఒకసారి నాలుక చాపండి."

"గొడుగు పట్టింది గిందుకా?" అంటూనే చాపింది.

కాగితం ఎర్రగానే ఉండిపోయింది. "ఆమ్లం ఎక్కువండీ. అందుకే మీకంత కోపం."

"కోపం మీరొచ్చినప్పుడే వస్తది. దానికేం కాగితం ఉన్నది?"

వాన జోరందుకుంది. ఆమె భుజం తడవకూడదని గొడుగు అటే వంచి, అతను పూర్తిగా తడిశాడు. ఆమె చూసింది. చూడనట్టు నడిచింది. క్వార్టర్ గేటు దగ్గర మాత్రం ఆగింది.

"ఏదైనా మా బాపు ఒప్పుకుంటెనే. ఆయన ఎవ్వల మాట వినడు. కడుపుల మంటకు డాక్టరిచ్చిన మందే తాగుతలేడు."

"ఏదైనా అంటే ఏంటండీ?"

గేటు మూసుకుంది.

మర్నాడు మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన ఆమె తండ్రి రాజం, గుమ్మంలో కూర్చున్న వీర్రాజును చూశాడు. బొగ్గు కోసే మనిషి. కళ్లు తప్ప అంతా నలుపు. నీళ్లు కూడా ముట్టకముందే అతని నాలుక మీద కాగితం పడింది. క్షణంలో నీలమైంది. బాయిలర్ నీళ్లలో కూడా వీర్రాజు అంత నీలం చూడలేదు.

"అద్భుతం రాజం గారూ! మీ ఒంట్లో ఆమ్లమే లేదు. మీకు మందెందుకండీ?"

"విన్నవా బిడ్డా?" రాజం లోపలికి అరిచాడు. "గా డాక్టర్లకు ఏం తెల్వదని నేను మొదటిసంది చెప్తలేనా?"

అనసూర్య గుమ్మంలోకి వచ్చి వీర్రాజు వైపు అదోలా చూసింది. అతను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

విచిత్రం, నెల తిరిగేసరికి రాజం కడుపు మంట తగ్గిపోయింది. "ఆంధ్ర పిల్లగాడైతేంది? నా కడుపు సల్లగ చేసిండు. గిసొంటి అల్లుడు మళ్ల దొరుకుతడా?" అని కాలనీ అంతా చాటాడు. దసరా ముందు, పెళ్లి ఖాయం చేసే వరపూజ పెట్టుకున్నారు.

ఆ రోజు ఇంటి నిండా చుట్టాలు. రాజంతో ఒకే షిఫ్టులో పనిచేసే బిక్షం వచ్చి సరిగ్గా వీర్రాజు పక్కనే కూర్చున్నాడు. డబ్బీ తీసి, అరచేతిలో తంబాకు పోసి, బొటనవేలితో ఇంత సున్నం రాసి నలపసాగాడు.

"అదేంటండీ?" వీర్రాజు ఆ అరచేతి మీదికి వంగాడు.

"బొగ్గుబాయిల బీడీ బంద్ కద సార్. అగ్గిపుల్ల గీస్తె గ్యాస్ అంటుకుంటది, దిగేకాడనే జేబులు దేవులాడుతరు. గందుకే దవడల ఇది పెట్టుకుని దిగుతం. రాజమన్న దవడ ఖాళీగ నేనెన్నడు చూడలే."

సున్నం. క్షారం.

వీర్రాజుకు అప్పుడు తట్టింది. తను పరీక్షించింది రాజం ఒంటిని కాదు, రాజం దవడలోని సున్నాన్ని. పళ్లెంలో కొత్త బట్టలు సిద్ధంగా ఉన్నాయి. నోరు విప్పితే అనసూర్య దక్కదు. విప్పకపోతే ఆ పెద్దాయన తన మాట నమ్మి మందు ముట్టడు.

"కానియ్యుండ్రి, ముహూర్తం దాటుతది," అన్నారెవరో.

వీర్రాజు లేచాడు. "రాజం గారూ, ఆ నీలం మీది కాదండీ. సున్నానిది. మీ ఒంటి సంగతి ఆ కాగితానికి తెలీదు, నాకూ తెలీదు. మీరు మందు మానకూడదు."



రాజం మీసం అదిరింది. "మరి నా కడుపు మంట ఎట్ల తగ్గింది?"

"నాకు అర్థం కావట్లేదండీ."

"నాకైతది," తలుపు దగ్గర పట్టుచీరలో అనసూర్య. "నువ్వు రోజు తాగే సల్లల గా తెల్లమందు కలుపుతున్న బాపూ. డాక్టర్ చెప్పినంతనే."

వీర్రాజు ఆమె వైపు తిరిగాడు. "సున్నం సంగతి మీకు ముందే తెలుసా?"

"తంబాకు నమిలేటాయన బిడ్డను. నాకు తెల్వదా?"

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్తరో లేదో చూద్దామని. బిక్షం కాకను మీ పక్కన కూసోమన్నది ఎవ్వరనుకున్నరు? కాగితం పెట్టి నన్ను చూసిండ్రు. వరపూజ పెట్టి మిమ్ముల నేను చూసిన."

బిక్షం డబ్బీ మూసి కప్పు వైపు చూడసాగాడు.

"ఇద్దరు కలిసి నన్ను బాయిలర్ను చేసిండ్రు!" రాజం గర్జించాడు. "ఏమయ్యా, నీకన్న ముందే శ్రీరాంపూరోళ్లు పిల్లను అడిగిపోయిండ్రు. పో, లైన్ల నిలబడు."

వీర్రాజు నిజంగానే గోడ దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది చూసి రాజం మీసం కింద ఏదో కదిలింది. కోపం మాత్రం కాదు.

అనసూర్య గాజులు సవరించుకుంది.

"కౌంటర్ల కూసుండేది నేను బాపూ. లైన్ల ఎవ్వరు ముందో నేను చెప్త," అంది. "వీర్రాజు గారూ, ముందుకు రాండ్రి."