గ్లౌజులో దూది

పొద్దున్నే దుకాణం తెరవగానే పీర్ సాహెబ్ చేసే మొదటి పని దూది బస్తాలో చెయ్యి పెట్టడం. నరసరావుపేటలో పరుపులు కుట్టేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. అయినా రొంపిచెర్ల నుంచి, నకరికల్లు నుంచి రైతులు సొంత దూది మూట కట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు. చిటికెడు లాగి నలిపి, ఇది కొత్తది, ఇది పోయినేడాదిది అని ఆయన తేల్చాడంటే ఇక దానికి అప్పీలు లేదు.

ఆ వేళ్ల మీద నమ్మకంతోనే కూతురు ఫర్హీన్ హైదరాబాద్ నుంచి వచ్చింది. వీఆర్‌లో కనిపించే వస్తువులకు స్పర్శ కూడా తెప్పించడం ఆమె కంపెనీ పని. కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే ఎదురుగా దూది రాశి కనిపిస్తుంది. చేతికి తొడిగిన గ్లౌజులోని బుల్లి మోటార్లు వేలికొసల్ని నొక్కి, లేని దూదిని ముట్టుకున్నట్టే అనిపించేలా చెయ్యాలి. ఆఫీసులో అందరికీ అది కొబ్బరిపీచులా అనిపిస్తోంది. మా నాన్న చేత సరి చేయించుకొస్తానని మీటింగులో గొప్పగా చెప్పి మరీ బయల్దేరింది ఫర్హీన్. ఇవాళ సాయంత్రంలోగా సరైన నంబరు పంపకపోతే ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది.

ఐదు రకాల స్పర్శలకు ఐదు నంబర్లు. నిన్న ఆయన రెండో నంబరుకు తలూపాడు. ఇవాళ పొద్దున నాలుగోదే అసలైన దూదన్నాడు. టీ తాగాక ఒకటోది కూడా చానా బాగుందన్నాడు. వియ్యాలవారింట్లో భోజనానికి కూర్చున్న పెద్దమనిషిలా ఉంది వరస.

ఫర్హీన్‌కు ఒళ్లు మండింది. ఇక వదిలెయ్యమని తల్లి రషీదా దుకాణం వెనకే ఉన్న వంటింటి గుమ్మంలోంచి సర్దిచెప్పబోతే వినలేదు. తన ఉద్యోగమంటే ఆయనకు ఆటలా ఉందని, ఊళ్లోవాళ్ల పరుపుల మీద ఉన్న శ్రద్ధ కూతురి పని మీద లేదని అనేసింది.

పీర్ సాహెబ్‌కూ రోషమొచ్చింది. "యాభై ఏళ్లు దూదిలో పెట్టిన చెయ్యి ఇది. నీ మిషను నాకు చెప్పేదేంది? తొడుగు, ఇంకోసారి చెప్తా."

తొడిగింది. ఆయన గాలిలోకి చెయ్యి చాచి వేళ్లు నలిపాడు.

"ఇదే, కొత్త దూది. రాసుకో."

ఫర్హీన్ గ్లౌజు వంక చూసింది. మణికట్టు దగ్గరి పచ్చలైటు ఆరిపోయి ఉంది. ఛార్జింగ్ అయిపోయింది. లోపల ఒక్క మోటారూ తిరగడం లేదు.

గ్లౌజు తీసింది. ఆయన వేలికొసల మీద సూది పోట్లు, ఎండిన రక్తం. అవి ఉన్నట్టు ఆయనకే తెలిసినట్టు లేదు.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

ఆయన హెడ్‌సెట్ తియ్యలేదు. రషీదాయే చెప్పింది. షుగరు వల్ల రెండేళ్లుగా వేళ్లకు స్పర్శ లేదు. రైతులు మూట విప్పగానే టీ ఇచ్చే వంకతో తను వచ్చి దూది నలిపి చూస్తుంది. కొత్తదైతే కొంగు సర్దుకుంటుంది, పాతదైతే దగ్గుతుంది. దాన్ని బట్టి ఆయన తీర్పు చెబుతాడు.

"తెలిస్తే ఉద్యోగం మానేసి వస్తావని నీకు చెప్పొద్దన్నాడమ్మా," అంది.

"పేట మొత్తం నా వేళ్ల మాట నమ్మిద్ది," అన్నాడు పీర్ సాహెబ్. "నువ్వూ అట్టాగే నమ్మి వచ్చావు. ఆ వేళ్లకేం తెలవట్లేదని ఎట్టా చెప్పను?" హెడ్‌సెట్ తీసి భార్య చేతిలో పెట్టాడు. "గ్లౌజు మీ అమ్మకు తొడుగు. రెండేళ్లుగా దూది చూస్తంది ఆమే."

ఆ మాట ఆయన ఇంకొకరి ముందు అనడం అదే మొదటిసారి. గ్లౌజు ఛార్జింగ్ అయ్యాక రషీదా ఐదూ చూసి, మూడోది తప్ప మిగతావి దూదే కాదంది. ఫర్హీన్ ఆ నంబరే పంపింది.

పంపినా మనసు కుదుటపడలేదు. ఈ రెండేళ్లలో నాలుగు పండగలకు వచ్చి వెళ్లింది. ఒక్కసారీ తండ్రి చెయ్యి పట్టుకోలేదు. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేసింది. రేపు ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని తల్లితో చెప్పి, వచ్చి ఆయన పక్కన కూర్చుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూపుడువేలి కొస నొక్కింది.

"తెలుస్తోందా?"

తల అడ్డంగా ఊపాడు. వేలి కణుపు నొక్కింది. అరచెయ్యి నొక్కింది. ఊహూఁ. మణికట్టు మీద బొటనవేలు ఆనించింది.

"ఆఁ," అన్నాడు పీర్ సాహెబ్. "ఈడ తెలుస్తందమ్మా."

ఫర్హీన్ వేలు అక్కణ్ణుంచి తియ్యకుండా ఏడ్చింది.