దుంగ కింద ముత్యాలు

లంచ్ బాక్సులు మూస్తుండగా టీచర్ ఆ కబురు చెప్పారు. రేపు ఒకటో తరగతి పిల్లలు కూడా ఈ అడవికి వస్తున్నారట. వాళ్లకు దారి చూపించే పని వసపిట్టదట!

వసపిట్ట అన్నది ఆ నాలుగో తరగతి పిల్లకు నాన్న పెట్టిన ముద్దుపేరు. నిద్రలో తప్ప ఆ నోరు మూతపడదు మరి. కబురు వినగానే ఆ పిల్ల కాళ్లు నేల మీద నిలవలేదు. తమ్ముడిదీ ఒకటో తరగతే. వాడి ముందు ఎంత గొప్పలు పోవచ్చో!

అది బడిపిల్లలు చెట్టూ చేమా చూసి నేర్చుకోవడానికని కేటాయించిన అడవి. అందరూ బస్సు వైపు బయలుదేరారు. మలుపు దగ్గర వసపిట్ట టక్కున ఆగిపోయింది.

పొద్దున తాను దొర్లించిన దుంగ పక్కనే పడి ఉంది. అప్పుడు దాని కింద తడిమట్టిలో నత్త గుడ్లు తెల్లగా ముత్యాల్లా కనిపించాయి. అందరినీ పిలుద్దామని పరుగెత్తింది. ఈలోగా ఎక్కడో వడ్రంగిపిట్ట టకటకమంది. అంతే, అటు పోయింది. దుంగ సంగతి మరిచేపోయింది.

ఇప్పుడు మట్టి ఎండకు పొడిబారింది. ముత్యాలు చాలావరకు ముడుచుకుపోయాయి.

రాయైనా దుంగైనా ఎత్తిన చెయ్యే మళ్లీ దాన్ని దించాలని, అడవి చూపించే గైడ్ అక్క పొద్దున గేటు దగ్గర అందరికీ చెప్పింది. అప్పుడు వసపిట్ట పక్కపిల్లతో కబుర్లలో ఉంది.

ఎవరూ చూడలేదు. చెబితే రేపటి పని చేజారిపోవచ్చు. అయినా వెళ్లి గైడ్ అక్క చెయ్యి పట్టి లాగింది.

"అక్కా, ఇది దొర్లించింది నేనే."

గైడ్ అక్క మోకాళ్ల మీద కూర్చుంది. "తెలుసులే. పొద్దున పిట్టలకన్నా ముందు ఇక్కడ నీ గొంతే వినబడింది" అంది. తర్వాత ఓ మూల వేలు పెట్టి చూపించింది. నీడ పడిన చోట కొన్ని గుడ్లు ఇంకా మెరుస్తున్నాయి.

వసపిట్ట తన సీసాలో మిగిలిన నీళ్లు చేత్తో చిలకరించింది. నిద్రపోయే పాపకు దుప్పటి కప్పినట్టు ఇద్దరూ దుంగను మెల్లగా దించారు.

బస్సు దాకా ఆ పిల్ల నోరు మెదపలేదు. జ్వరమేమోనని టీచర్ నుదురు తాకి చూశారు. అప్పుడు జరిగిందంతా చెప్పేసింది.

టీచర్ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ తర్వాత అడిగారు.

"మరి రేపు పిల్లలకు ఏం చూపిస్తావు?"

"ముందు ఆ దుంగ దగ్గర కూర్చోబెడతాను టీచర్. నేను ఎత్తను, ఎవరినీ ఎత్తనివ్వను. కింద ఎవరున్నారో కథలా చెబుతాను. చెప్పడమేగా, నాకు బాగా వచ్చేదే అది."